స్టెబిలైజర్ కన్నా ముందు ఎర్తింగు

జైనూర్‌లో నేను యాంప్లిఫయర్లు, హోమ్ థియేటర్లు రిపేరు చేస్తాను. సెట్టు తీసుకుపోయేటప్పుడు చాలామంది అడిగేది ఒక్కటే: "అన్నా, ఏ స్టెబిలైజర్ కొనాలె?" నేను మాత్రం ముందు వాళ్లింట్లో ఎర్తింగు ఉందా అని అడుగుతాను. మొదటి రూపాయి దానికే పోవాలన్నది నా గట్టి మాట.

స్టెబిలైజర్ అడగడానికీ కారణముంది. యాసంగిలో బాయిల కాడ మోటర్లన్నీ ఒక్కసారే నడిస్తే ఊళ్లో వోల్టేజి పడిపోతుంది. 230 రావలసిన చోట 180 వస్తే, సెట్టు లోపల 18 వోల్టులు ఇవ్వాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ 14 దగ్గరే ఆగుతుంది. అప్పుడు సౌండు పెంచితే పాట చీలుతుంది, ట్వీటర్ కాలుతుంది. మా మండలంలోని మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ తెచ్చిన గుస్సాడీ నృత్యానికి డప్పు దెబ్బే ప్రాణం. వోల్టేజి చాలని సెట్టులో ఆ దెబ్బ దెబ్బలా వినబడదు.

స్టెబిలైజర్ కొనేముందు సెట్టు వెనక లేబుల్ చదవండి. 100-240 వోల్టులు అని ఉంటే లోవోల్టేజికి స్టెబిలైజర్ అక్కరలేదు, ఆ డబ్బు మిగిలినట్టే. 230 ఒక్కటే ఉంటే కొనాలి. డబ్బా మీద పీఎంపీఓ పేరుతో వేసే వేల వాట్లు నమ్మకండి. లేబుల్ మీద 200 వాట్లుంటే 500 వీఏ రిలే స్టెబిలైజర్ చాలు. టక్కుమని చప్పుడు చేస్తుంది, చేయనీయండి. ఇంటి పాటకు ఖరీదైన సర్వో ఎందుకు? వోల్టేజి మరీ పెరిగితే కరెంటు ఆపేసే హై-కట్ మాత్రం తప్పక ఉండాలి. వీధిలో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు.

ఇక ఎర్తు సంగతి. స్పీకర్లో గుయ్యిమనే మోత పోవాలని కొందరు ప్లగ్గుకుండే మూడో పిన్ను, అంటే ఎర్తు పిన్ను, పీకేస్తారు. ఇంకొందరు ఎర్తు సాకెట్టును న్యూట్రల్‌కు కలిపేస్తారు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ న్యూట్రల్ తెగిన రోజు సెట్టు రేకుకు ఫేజు ఎక్కుతుంది, దాన్ని ముట్టేది ఇంట్లో పిల్లలే. మోతకు టీవీ, డిష్ బాక్సు, యాంప్లిఫయర్ మూడూ ఒకే బోర్డుకు పెట్టి చూడండి, చాలాసార్లు పోతుంది. స్పైక్ గార్డు కూడా ఎర్తు లేని ఇంట్లో సగం పనే చేస్తుంది.

ఎర్తింగుకు కావలసింది ఒక గుంత, రెండున్నర మీటర్ల జీఐ పైపు, బొగ్గు, ఉప్పు, ఒక పూట కూలి. ఎండాకాలం ఆ గుంతలో నీళ్లు పోస్తుండాలి. వానలు పడకముందే ఈ పని చేయించండి. వీధి తీగ వదులుగా కనబడితే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పండి. ఉరిమినప్పుడు ప్లగ్గు తీయండి, డిష్ కేబుల్ కూడా.