లెక్కకు రాని దారి

ప్రపంచబ్యాంకు వారు కొంతకాలము ఏటేట ఒక నివేదికను వెలువరించుచు, ఏ దేశమున వ్యాపారము సులభమో, ఏ దేశమున కష్టమో మార్కులు వేసి చెప్పుచుండిరి. అందు ఎగుమతి దిగుమతులకు వేరుగా ఒక ప్రకరణము. ఆ ప్రకరణమున మన దేశము 2018వ సంవత్సరపు నివేదికలో 146వ స్థానమున నుండి, మరుసటి నివేదికలో 80వ స్థానమునకును, 2020 నివేదికలో 68వ స్థానమునకును ఎక్కినది. ఢిల్లీలో మంత్రులు సంతసించిరి. పత్రికలు పెద్ద అక్షరములతో అచ్చువేసినవి. ఎగుమతి సరకు సరిహద్దు లాంఛనములు దాటుటకు సుమారు 52 గంటలు, 212 డాలర్లు చాలునని ఆ లెక్క తేల్చినది.

మేమును ఆ లెక్కను పరికించితిమి. అందు పలాసకు, పార్వతీపురమునకు, విజయనగరమునకు తావెచ్చటనో వెదకితిమి. ఎచ్చటను లేదు. ఆ లెక్కవేసిన వారికి భారతదేశమనగా రెండే నగరములు: ఒకటి ఢిల్లీ, రెండవది ముంబయి. అంతకంటె విడ్డూరము మరియొకటి కలదు. సరకు కార్ఖానా గుమ్మము నుండి రేవు చేరుటకు పట్టు కాలమును, అగు ఖర్చును వారు అడిగి తెలిసికొందురు, అచ్చును వేయుదురు. కాని మార్కులు వేయునపుడు మాత్రము దానిని కలుపరు. పూర్వము ఆ దారియు లెక్కలో నుండెడిది. 2015లో పద్ధతి మార్చి దానిని తొలగించిరి. తుదకు కొన్ని ఇతర దేశముల అంకెలలో అక్రమములు బయటపడుటచే 2021 సెప్టెంబరులో ఆ నివేదికనే మూలకు నెట్టిరి. చచ్చిన పామును చంపుట మా యుద్దేశము కాదు. నివేదిక పోయినను ఆ చూపు పోలేదు. రేవు గుమ్మమునకు అవతల జరుగునదే ఎగుమతి, ఇవతల జరుగునది ఎవరి ఖర్మము వారిది అను చూపు మన సచివాలయములలో నేటికిని నిక్షేపముగా నున్నది.

ఇవతల జరుగునదేమో ఒక్క సరకును పట్టుకొని చూతము. పలాస కాశీబుగ్గల జీడిపప్పు పరిశ్రమను గూర్చి మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఉద్దానపు తోటల పిక్కలును, అవి చాలనపుడు ఆఫ్రికా పడమటి తీరము నుండి ఓడలపై వచ్చు పిక్కలును అచ్చట పగిలి, పొట్టు వదలి పప్పగుచున్నవి. జీడి అంటి చేతులు పొక్కుచుండగా ఆ పని చేయువారిలో హెచ్చుమంది స్త్రీలు. ఒక చిన్న కార్ఖానా దినమునకు 10 బస్తాల పిక్కలను ఆడించునని అనుకొందము. బస్తా 80 కిలోలు. వెరసి 800 కిలోలు. పిక్కలో స్థూలముగా నాలుగవ వంతు పప్పు దిగును గనుక దినమునకు 200 కిలోలు. విదేశములకు పప్పు 22.68 కిలోల పెట్టెలలో పోవును. 20 అడుగుల కంటెయినరు నిండుటకు అట్టి పెట్టెలు 700 కావలెను, అనగా 15,876 కిలోలు. మన చిన్న కార్ఖానాదారు గింజయైనను ఇచ్చట అమ్ముకొనక దాచినయెడల ఒక్క కంటెయినరు నిండుటకు సుమారు 80 దినములు పట్టును! అదియు అన్ని రకములను కలిపిన మాట. విదేశమున కొనువాడు కలగలుపు సరకును ఒప్పడు. పౌనుకు 320 గింజలు తూగు రకము కావలెనన్నచో అదియే కావలెను; బద్దలు వేరు, నూకలు వేరు. ఒకే రకముతో నింపవలెనన్న ఆ 80 దినములు రెండింతలో మూడింతలో అగును.

అన్ని దినములును పిక్కలు కొన్న అప్పునకు వడ్డీ ఎక్కుచుండును. నిలువ పప్పునకు పురుగు భయము, వాసన భయము. కూలి మాత్రము వారమునకు వారము చెల్లింపవలసినదే. ఇన్ని ఓర్చి రేవునకు చేరిన పిదపనే గదా ప్రపంచబ్యాంకు వారి 52 గంటలు మొదలగుట! అందుచే అతడు చేయగలిగిన పనియే చేయును: ఉన్న ధరకు ఉత్తరదేశపు వర్తకులకు పప్పును అమ్మి అప్పు తీర్చుకొనును. పలాస పప్పు హెచ్చుగా స్వదేశమునందే చెల్లిపోవుట మన వారి దేశభక్తిచే కాదు, దారి లేకుండుటచే. ఇంతలో మనవలెనే ఆఫ్రికా పిక్కలను దింపుకొను వియత్నాము దేశము పప్పు ఎగుమతిలో మనలను దాటి ప్రపంచమున మొదటి స్థానమున కూర్చున్నది.

ఇతరుల సరకుతో కలిపి చిల్లరగా పంపవచ్చునుగదా యని కొందరనవచ్చును. పంపవచ్చును, కాని అట్టి సరకునకు టన్నుకు పడు కేవు నిండు కంటెయినరుకంటె అధికము, కలుపువాడు విశాఖపట్టణమున నుండును, పప్పు అచ్చటి గోదాములో తోడు సరకు కొరకు కాచుకొని యుండవలెను. నిండు కంటెయినరునే కోరినవాని పాట్లు వేరు. విశాఖ నుండి ఖాళీ పెట్టె పలాసకు రావలెను, నిండి మరల విశాఖకు పోవలెను. ఒక్కొక్క వైపు 200 కిలోమీటర్లకు కొంచెమే తక్కువ. ఖాళీగా వచ్చిన దారికిని బాడుగ ఇచ్చువాడు మనవాడే. పత్రములో ఒక్క అక్షరము తప్పినచో దిద్దించుటకు మనిషి మరల విశాఖకు పరుగెత్తవలెను. పెట్టె గడువుదాటి నిలిచిన దినములకు దండుగ వేరు. ఓడ ఎక్కిన పిదపనైనను సరకు నేరుగా పోవునా? కొలంబోలోనో సింగపూరులోనో దిగి పెద్ద ఓడకు మారవలెను. ఇట్లు మార్చుకొను భారతీయపు సరకులో నాలుగింట మూడు వంతులు పరదేశపు రేవులలోనే మారుచున్నదని 2025 మే 2వ తేదీన కేరళమున విళింజము రేవును ప్రారంభించుచు ప్రధానమంత్రియే చెప్పిరి. 2023 చివర ఎఱ్ఱసముద్రమున ఓడలపై దాడులు మొదలుకాగా, ఐరోపా ఓడలు ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టిపోవలసి వచ్చి మరి రెండు వారముల వరకు ఆలస్యమయ్యెను. పైడిభీమవరపు పెద్ద మందుల కార్ఖానాలు అట్టి దెబ్బకు ఓర్చుకొనగలవు. పలాస కార్ఖానాదారు ఓర్వలేడు. అతడు ఆ ఖర్చును పిక్కల ధరలో రైతునకును, కూలిలో ఆ పొక్కిన చేతులకును పంచిపెట్టును. ఏ దారిఖర్చైనను కడకు ఆగునది అచ్చటనే.

ఈ తీరము ఎన్నడును రేవెరుగనిదైన సరిపెట్టుకొందుము. భీమునిపట్టణమున డచ్చివారు పదునేడవ శతాబ్దమున కోటకట్టి వర్తకము చేసిరి. 1825లో ఆంగ్లేయులకు అప్పగించి పోయిరి. సాలూరు కనుమ మీదుగా జయపురపు కొండల కరకకాయలు, నువ్వులు, వలిసెలు, గోగునార ఆ రేవునకు దిగుచుండెను. మన గోగునారకు ప్రపంచపు బజారులలో నేటికిని పేరేమో యెరుగుదురా? ‘బిమ్లిపటం జూటు’. రేవు నిద్రపోయినది, పేరు మాత్రము దేశదేశముల తిరుగుచున్నది! కళింగపట్టణమునను బారువలోను పొగయోడలు దూరముగా లంగరు వేయగా, మసూలా పడవలు అలలను చీల్చుకొని బస్తాలను చేర్చుచుండెను. ఆ కాలమును మేము బంగారుకాలమని పొగడబోము. అలకు సరకు తడిసెడిది, పడవ తిరగబడెడిది, గాలివాన నెలలలో ఓడ నిలువకుండెను, లాభములో సింహభాగము సీమవర్తకులదే. అయినను ఒక్క సౌకర్యమున్నది: పది బస్తాలవాడును తన పది బస్తాలను ఓడకెక్కింపగలిగెను. 700 పెట్టెలు కూడువరకు వానిని ఎవరును ఆపలేదు.

రైలు వచ్చినది. 1933లో విశాఖపట్టణమున లోతురేవు తెరచిరి. చిన్న రేవులు ఒకటొకటిగా అణగిపోయినవి. పెద్ద ఓడ లోతున్నచోటికే పోవుననుట నిజమే. మేము నిందించునది దానిని కాదు. రైలుదారులు ఎవరికొరకు వేసిరో చూడుడు. పార్వతీపురము నుండి రాయపూరు వరకు దారి 1931లో పూర్తియైనది. మధ్యపరగణాల మాంగనీసు విశాఖకు దిగవలెనని. స్వరాజ్యము వచ్చిన పిమ్మట కిరండూలు నుండి కొత్తవలసకు కొండలు తొలిచి దారి వేసిరి. బైలదిల్లా యినుపరాయి జపానునకు పోవలెనని. దొరలు మారిరి గాని తర్కము మారలేదు. సరకు ఎంత బరువైన, ఎంత పచ్చిదైన, దానికి అంత చక్కని దారి. విజయనగరము జంక్షనులో రాయియు బొగ్గును రాత్రింబగళ్లు మన కన్నులయెదుట సాగిపోవుచున్నవి. మన చేతిపని సోకిన సరకునకు మాత్రము కాళ్లు లేవు. పరలాకిమిడి రాజావారు 1900లో నౌపడా నుండి తమ యూరికి చిన్నరైలు వేసికొని ముఖ్యమార్గమును కలిసికొనిరి; ఆ పాటి యూహ ఒక సంస్థానాధీశునకు తోచినది.

ఇక ఈ తీరము నుండి తడవులేక ఎగుమతియైన సరకొక్కటి కలదు. మనుష్యులు. నాడు బారువ, కళింగపట్టణము, భీమునిపట్టణము రేవుల నుండి వేలకొలది కూలీలు రంగమునకు ఓడలెక్కిరి. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించగా అడవులబడి నడచి వచ్చినవారెందరో, దారిలో రాలినవారెందరో. నేడును శ్రీకాకుళము జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరముండగా ఇచ్చటి బెస్తలు పడవకూలికై గుజరాతులోని వెరావలునకు పోవుచున్నారు. అట్లు పోయిన మన మత్స్యకారులు 20 మంది 2018 నవంబరులో పాకిస్తాను వారి చేతజిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరిరి. సముద్రము వాకిటనున్నవాడు సముద్రము కొరకు దేశము దాటి పోవుట మరెచ్చటనైన కలదా?

ఇప్పుడు మూలపేట ప్రసంగమునకు వత్తము. సంతబొమ్మాళి మండలమున ఆ రేవునకు 2023 ఏప్రిలు 19న శంకుస్థాపన జరిగినది. మొదటి దశలో నాలుగు బెర్తులు, ఏటికి 2 కోట్ల 35 లక్షల టన్నుల సామర్థ్యము, నాలుగువేల కోట్ల రూపాయలకు పైబడిన వ్యయము. మూలపేట, విష్ణుచక్రము గ్రామములవారు దీనికొరకు ఇండ్లు విడువవలసి వచ్చినది. మేము రేవునకు విరోధులము కాము. రేవు కావలెనని అడుగువారిలో మేమును ఉన్నాము. కాని ఈ తీరపు జనులు అభివృద్ధి పేర వచ్చినదానిని రెండుమార్లు చూచియున్నారు. 2010 జులై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న ఇదే సంతబొమ్మాళి మండలపు కాకరాపల్లి వద్దను బొగ్గువిద్యుత్కేంద్రములు వలదన్నవారిపై తుపాకులు పేలి ప్రాణములు పోయినవి. అట్టి నేలమీద రేవు కట్టువారు టన్నుల లెక్క చెప్పి ఊరకుండిన చాలదు. ఆ టన్నులు వచ్చునవా, పోవునవా? బొగ్గు ఎంత, పప్పు ఎంత? రెండుకోట్ల టన్నుల బొగ్గు దిగి, ఓడలు ఖాళీగా మరలినను సామర్థ్యము నెరవేరినట్లే కాగితముపై కనబడును.

ఈ రెండు జిల్లాల సరకు ఒక పెద్ద రేవును నింపజాలదని పండితులు అందురు. కావచ్చును. పెద్ద ఓడను పలాస పప్పు కొరకు లంగరు వేయుమని మేమడుగుటలేదు. మేమడుగునవి నేలమీది పనులు. పలాసలో నలుగురు చిన్నవారి పప్పును ఒకే రకముగా ఏర్చి, పరీక్షించి, కంటెయినరు నింపు ఉమ్మడి గోదాము కావలెను. ఆ 80 దినములు వారమునకో పదిదినములకో తగ్గుట అచ్చట జరుగును, కస్టమ్సు కచేరీలో కాదు. సుంకపు ముద్రయు, సస్యారోగ్యపత్రమును ఆ గోదాము వాకిటనే దొరకవలెను. నింపిన పెట్టెలు రైలుపై విశాఖకో మూలపేటకో పోవునట్లు విజయనగరము జంక్షనులో ఒక దింపుడుస్థలము కావలెను. ఇట్టి మెట్టరేవులు పంజాబులో కలవు, ఢిల్లీలో కలవు. సముద్రమునకు వేయి కిలోమీటర్ల దూరమున నున్నవారికి వాకిట కస్టమ్సు ఉండగా, కెరటముల చప్పుడు వినుచున్న మనకు లేకుండుట యేమి న్యాయము?

సరకు విడుదలకు పట్టు సగటు కాలమును కొలిచి ప్రకటించుట మంచిదని ప్రపంచ వాణిజ్యసంస్థ వారి ఒడంబడికలో నున్నది. అది 2017 ఫిబ్రవరి 22 నుండి అమలులోనికి వచ్చినది, మన దేశము అంతకుముందే సమ్మతించినది. కాబట్టి మా కోరిక క్రొత్తది కాదు. కొలుచుట గుమ్మము నుండి మొదలుపెట్టుడు. మన జిల్లాల పార్లమెంటు సభ్యులు రాబోవు సమావేశమున ఈ ఒక్క ప్రశ్నను వ్రాతమూలకముగా అడుగవలెను: పలాసలో మూతవేసిన పప్పుపెట్టె విశాఖలో ఓడ ఎక్కుటకు ఎన్ని దినములు పట్టినది, ఎన్ని రూపాయలు అయినవి? సమాధానము వచ్చిన నాడు ఈ స్తంభములోనే అచ్చువేయుదుము. రాకున్నను, ఎన్నివారములు రాలేదో వారమువారము అచ్చువేయుచుందుము.