గేటు కాడ ఆగిన మనుషులు

పోయిన నెల గ్రాట్యుటీ కాగితాల గురించి రాసిన. అది చదివి ఇద్దరు ముగ్గురు ఇంటికి వచ్చిండ్రు. "కాగితాలు సరే అక్కా, మనిషినే ముందుగాల తీసేస్తే ఏం చేయాలె?" అని అడిగిండ్రు. దానికి జవాబుగా ఒక ఆడమనిషి సంగతి చెప్త. మనవరాలు పుస్తకంలో చదివి నాకు వినిపించింది.

ఆమె పేరు అన్నా వాలెంటినోవిచ్. పోలండ్ దేశంలో గ్డాన్స్క్ అనే ఓడరేవు ఊరు ఉన్నది. అక్కడ ఓడలు కట్టే కార్ఖానాలో పనిచేసింది. 1929లో పుట్టింది. చిన్నప్పుడే ఇంటివాళ్లకు దూరమై పరాయి ఇంట్ల పనికి ఉన్నది. 1950లో కార్ఖానాలో వెల్డింగ్ పనికి చేరింది, తర్వాత క్రేన్ నడిపింది. మంచి పనిమంతురాలని సర్కారు పతకాలు కూడా ఇచ్చింది.

అప్పుడు అక్కడ కమ్యూనిస్టు పార్టీ సర్కారు. కార్మికుల రాజ్యం అని పేరే గాని, కార్మికులు సొంతంగా యూనియన్ పెట్టుకునే వీలు లేదు. 1970 డిసెంబరులో తిండి సామాను ధరలు పెంచితే జనం రోడ్డు మీదికి వచ్చిండ్రు. వాళ్ల మీద తుపాకులు పేల్చిండ్రు. ఆ సముద్రం ఒడ్డు ఊర్లల్ల 40 మందికి పైగా చనిపోయిండ్రు.

అన్నా అది మరువలేదు. 1978లో సర్కారుతో సంబంధం లేని యూనియన్ ఒకటి మొదలైతే అందులో చేరింది. చాటుగా అచ్చేసిన కార్మికుల పత్రిక పంచింది. 1980 ఆగస్టులో ఆమెను పనిలోనుంచి తీసేసిండ్రు. పెన్షనుకు ఇంకా 5 నెలలే ఉండె.

ఆగస్టు 14న కార్ఖానాలో పని ఆగింది. అన్నాను తిరిగి తీసుకోవాలె, జీతం పెంచాలె అన్నరు. రెండు రోజులకు మేనేజ్‌మెంటు ఒప్పుకున్నది. సమ్మె అయిపోయిందని నాయకుడు వాలెసా చెప్పిండు. జనం ఇండ్లకు కదిలిండ్రు.

కాని వీళ్లకు తోడుగా ఊరిలో ట్రాములు నడిపేటోళ్లు, చిన్న చిన్న కార్ఖానాలోళ్లు కూడా పని ఆపి ఉన్నరు. వాళ్లకు ఏమీ దొరకలేదు. అన్నాకు తన పని తనకు దొరికింది, ఇంటికి పోవచ్చు. పోలేదు. అలీనా పియెన్‌కోవ్‌స్కా అనే నర్సుతో కలిసి గేటు కాడ నిలబడి పోయేటోళ్లను ఆపింది. వాలెసా కూడా మాట మార్చుకుని సమ్మె నడిపిండు. ఆగస్టు 31న సర్కారు సంతకం పెట్టింది. సొంత యూనియన్ హక్కు వచ్చింది. సాలిడారిటీ అనే ఆ యూనియన్‌లో కోటి మంది దాకా చేరిండ్రు.

తర్వాత 1981 డిసెంబరులో సైనిక పాలన వచ్చింది. అన్నా జైలుకు పోయింది, ఒకసారి కాదు. 1989లో ఆ సర్కారు పోయింది. అయినా ఆమె ఊరుకోలేదు, తప్పనిపిస్తే వాలెసాను కూడా అడిగింది. 2010 ఏప్రిల్ 10న విమాన ప్రమాదంలో చనిపోయింది.

ఇప్పుడు నా సంగతి. మా మిల్లు వైండింగ్ ఖాతాలో నాతో బదిలీ మీద పనిచేసే ఒక అక్క ఉండె. అయిదేండ్లు నిండడానికి కొన్ని వారాలు ఉండంగ గేటు కాడ ఆమె కార్డు ఆపిండ్రు. నా కార్డు నాకు ఇచ్చిండ్రు. నేను తల వంచుకుని లోపలికి పోయిన. అందరం పోయినం. ఆ అక్క అన్నం డబ్బా పట్టుకుని గేటు బయట నిలబడ్డది నాకు ఇప్పటికీ కనిపిస్తది.

నన్ను అడిగినోళ్లకు నా జవాబు ఇదే. మీ పవర్‌లూమ్ షెడ్డులో ఎవరినన్నా తీసేస్తే అదే రోజు, అదే గేటు కాడ ఆగుండ్రి. ఆమె ఒక్కతే పోయి అడిగితే వినరు. నలుగురు కలిసి పోండ్రి. ఎందుకు తీసేసిండ్రో కాగితం మీద రాసియ్యమని అడగండ్రి.

వచ్చే నెల పీఎఫ్‌లో పేర్లు తప్పు పడితే ఏం చేయాలెనో రాస్త. ఉంట మరి.