కార్గో పైలట్ ఉద్యోగం: తోట అమ్మేముందు ఈ లెక్క చూడండి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, మన క్యాసంబళ్ళి పక్క ఊరి రైతు ఒకాయన ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సంఘం పని మీద వచ్చాడేమో అనుకున్నాను. కాదు. “అన్నా, మావాడికి కార్గో విమానంలో పైలట్ పని ఖాయమంట. 28 లక్షలు కట్టాలంట. మామిడితోట రెండెకరాలకు బేరం వచ్చుండాది. నువ్వు ఇంగ్లీషు కాగితాలు చూసినోడివి, ఒకసారి చదివి చెప్పు” అన్నాడు.

నేను ఉద్యోగకాలమంతా గుమాస్తాగానే పనిచేశాను. విమానం నడపడం గురించి నాకు తెలియదు గాని కాగితం చదవడం తెలుసు. మూడు పేజీల ఒప్పందంలో ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అనే మాట నాలుగుచోట్ల ఉంది. ‘అపాయింట్‌మెంట్’ అనే మాట ఒక్కచోట కూడా లేదు. ఏ విమాన సంస్థ లెటర్‌హెడ్డూ లేదు. డబ్బు కట్టాల్సిన ఖాతా ఒక మనిషి పేరు మీద ఉంది. ఇది చెప్పేసరికి ఆయన ముఖం చిన్నబోయింది. “మరి పైలట్లు దొరకడం లేదని టీవీలో అంతలా చెప్పినారే?” అన్నాడు.

ఆ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు. సంఘం సభ్యుల ఇళ్ళలో పి.యు.సి. చదివే పిల్లలున్న తల్లిదండ్రులు ముగ్గురు నలుగురు నన్ను ఇదే అడిగారు. అందుకే తెలిసినవాళ్ళను అడిగి, డిజిసిఎ నియమాలు చదివి, నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను.

టీవీలో చెప్పింది అబద్ధం కాదు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా ఆగిపోయాయి. కారణం పైలట్ల విశ్రాంతి నియమాలు. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 గంటలు చేశారు. రాత్రి అంటే తెల్లవారుజాము 5 గంటల వరకు అన్నదాన్ని 6 వరకు పెంచారు. రాత్రి డ్యూటీలో ఆరుసార్లు దిగడానికి వీలుండేదాన్ని రెండుకు తగ్గించారు. అంతమంది సిబ్బందిని సంస్థ ముందుగా సిద్ధం చేసుకోలేదు. చివరకు డిజిసిఎ ఫిబ్రవరి 10 వరకు తాత్కాలిక సడలింపు ఇవ్వాల్సి వచ్చింది.

దీన్ని చూసి ‘పైలట్లకు కరువు’ అని మనవాళ్ళు అర్థం చేసుకున్నారు. కరువు ఎక్కడుందో చూడాలి. పెద్ద విమానానికి కమాండర్ కావాలంటే ఏటీపీఎల్ లైసెన్సు ఉండాలి. దానికి 1,500 గంటల అనుభవం అడుగుతారు. ఆ గంటలు కూడాలంటే, ఉద్యోగంలో చేరాక కూడా కొన్నేళ్ళు పడుతుంది. అలాంటివాళ్ళకే కొరత. ఫ్లయింగ్ స్కూల్లో 200 గంటలు పూర్తిచేసి సిపిఎల్ చేతపట్టుకుని బయటికి వచ్చిన కుర్రవాళ్ళకు కొరత లేదు. 2022లో డిజిసిఎ 1,165 సిపిఎల్‌లు ఇచ్చింది, 2023లో 1,622. అందరికీ వెంటనే సీటు దొరకలేదు. మా రైతు కొడుకు కూడా లైసెన్సు వచ్చి రెండేళ్ళు ఎదురుచూసినవాడే. మన కోలారు మార్కెట్టులో టమాట ధర ఎక్కిందని అందరూ నాటితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పైలట్ చదువు కూడా అంతే. ఇండిగో 500, ఎయిర్ ఇండియా 470 విమానాలు ఆర్డరు పెట్టాయన్న 2023 వార్త చూసి ఫ్లయింగ్ స్కూళ్ళలో చేరినవాళ్ళు ఇప్పుడు బయటికి వస్తున్నారు. విమానాలు మాత్రం ఏళ్ళ తరబడి, విడతలుగా వస్తాయి.

ఇక కార్గో సంగతి.

మొదటి విషయం, కార్గోకు వేరే లైసెన్సు లేదు. ప్రయాణికులను తీసుకెళ్ళినా పార్సిళ్ళను తీసుకెళ్ళినా అదే సిపిఎల్, అదే క్లాస్ వన్ మెడికల్. తేడా అంతా విమానం రకంలో, టైప్ రేటింగ్‌లో ఉంది. ఏ రకం విమానం నడపాలంటే ఆ రకానికి వేరుగా శిక్షణ తీసుకుని లైసెన్సు మీద రాయించుకోవాలి. దీనికే లక్షలు పోసేది.

మన దేశంలో కార్గో అంటే ముందు చెప్పాల్సిన పేరు బ్లూ డార్ట్ ఏవియేషన్. 1996 నుంచి నడుస్తోంది, విమానాల బేస్ చెన్నైలో. వాళ్ళ దగ్గర బోయింగ్ 757 రకం ఆరు, 2023లో చేర్చుకున్న 737-800 రకం రెండు, మొత్తం ఎనిమిది విమానాలు. ఒక విమానానికి పది పన్నెండు మంది పైలట్లు అనుకున్నా, మొత్తం కలిపి వందమంది లోపే. ఇండిగోకు నాలుగు వందలకు పైగా విమానాలు, ఐదువేలకు పైగా పైలట్లు. వందమంది ఉన్నచోట ఏడాదికి ఎన్ని ఖాళీలు వస్తాయో మీరే లెక్కేసుకోండి. వచ్చిన ఖాళీకి కూడా ముందే ఆ రకం నడిపినవాళ్ళు, వాయుసేన నుంచి వచ్చినవాళ్ళు పోటీలో ఉంటారు.

రైతుకు చూపించిన కాగితంలో ఉన్నది 757 టైప్ రేటింగ్. ఇక్కడే నాకు గుండె ఆగినంత పనయింది. బోయింగ్ కంపెనీ 757 తయారీని 2004లోనే ఆపేసింది. మన దేశంలో ప్రయాణికుల సంస్థ ఏదీ దాన్ని నడపడం లేదు. 28 లక్షలు పోసి ఆ రేటింగ్ చేయించుకుంటే, తలుపు తట్టడానికి ఉండేది ఒకే ఒక్క ఇల్లు. ఆ ఇంట్లో ఖాళీ లేకపోతే ఆ రేటింగ్ గోడకు తగిలించుకోవాల్సిందే. అదే 737 రేటింగయితే ఆకాశ, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, స్పైస్‌జెట్ కూడా ఆ కుటుంబపు విమానాలే వాడుతున్నాయి కాబట్టి నాలుగు తలుపులుంటాయి. అప్పు చేసేవాడు ఈ ఒక్క తేడా తెలుసుకున్నా చాలు.

ఇండిగో కూడా 2022 చివరి నుంచి కార్గో నడుపుతోంది. ప్రయాణికుల ఎ321 విమానాలనే సరుకు విమానాలుగా మార్చి తెచ్చారు. ఎ320, ఎ321 ఒకే కుటుంబం, ఒకే రేటింగ్. కాబట్టి అక్కడ కార్గో పైలట్‌గా చేరాలంటే దారి ప్రయాణికుల వైపు నుంచే. 2023 జనవరిలో అమెజాన్ ఎయిర్‌ను హైదరాబాదులో మొదలుపెట్టినప్పుడు దాని విమానాన్ని నడిపింది మన బెంగళూరు సంస్థ క్విక్‌జెట్. ఆ వార్త చూసి మనవాళ్ళు ‘అమెజాన్‌లో పైలట్ పోస్టులు’ అనుకున్నారు. పార్సిల్ మీద పేరు ఒకరిది, పైలట్‌కు జీతం ఇచ్చేది ఇంకొకరు. దరఖాస్తు పెట్టేముందు ఇది కనుక్కోవాలి.

సరుకు విమానాల సంస్థలు నిలబడటం కూడా మన దేశంలో కష్టంగానే ఉంది. ఎయిర్ డెక్కన్ పెట్టి పేరు తెచ్చుకున్న కెప్టెన్ గోపీనాథ్ 2009లో నాగపూరు కేంద్రంగా డెక్కన్ 360 మొదలుపెట్టారు. 2011కల్లా ఆగిపోయింది. ఆర్యన్ కార్గో 2010లో వచ్చి మరుసటి ఏడే పోయింది. నాగపూరును ఎంచుకోవడం తప్పేమీ కాదు, 1949లో రాత్రి టపా విమానాలు నాలుగు మహానగరాల నుంచి వచ్చి అక్కడే సంచులు మార్చుకునేవి. మా చిన్నతనంలో పెద్దవాళ్ళు ‘నిన్న వేసిన ఉత్తరం ఈరోజు ఢిల్లీలో’ అని ఆశ్చర్యంగా చెప్పుకునేవాళ్ళు. సరుకు ఎప్పుడూ ఉంటుంది, దాన్ని మోసే కంపెనీ ఉంటుందన్న నమ్మకం లేదు.

“మా బావమరిది డల్లాస్‌లో ఉన్నాడు, అక్కడ ఫెడెక్స్‌లో చూస్తాడు” అని ఒక సభ్యుడు అన్నాడు. అమెరికాలో కార్గో పైలట్ జీతాలు పెద్దవే, నిజమే. కాని అక్కడ పనిచేసే హక్కు ఉన్నవాళ్ళకే ఆ ఉద్యోగాలు. స్టూడెంట్ వీసా మీద ఫ్లయింగ్ నేర్చుకుంటే సరిపోదు. ఇంకో సంగతి. కోవిడ్ కాలంలో అక్కడ కార్గో గిరాకీ విపరీతంగా పెరిగి, తర్వాత అంత వేగంగానే దిగింది. 2023లో ఫెడెక్స్ తన పైలట్లకే, మనుషులు ఎక్కువయ్యారు, పి.ఎస్.ఏ. అనే చిన్న ప్రయాణికుల సంస్థకు వెళ్ళే వీలుంది చూసుకోండని చెప్పింది. అమెరికా లైసెన్సుతో తిరిగి వస్తే డిజిసిఎ పరీక్షలు మళ్ళీ రాయాలి, విమానం మీద చెక్ ఇవ్వాలి. ఆ ఖర్చును ఎవరూ ముందు లెక్కలో వేయరు.

జీతం గురించి అడిగేవాళ్ళు రాత్రి గురించి అడగరు. కార్గో అంటే రాత్రి పని. సాయంత్రం బుక్ చేసిన పార్సిల్ తెల్లారేసరికి చేరాలంటే విమానం అర్ధరాత్రి ఎగరాలి. గనిలో నైట్ షిఫ్టు చేసిన కుటుంబాలు మన కె.జి.ఎఫ్.లో ఎన్ని లేవు? రాత్రి మేలుకోవడం అంటే ఏమిటో ఆ ఇళ్ళకు తెలుసు. 2013 ఆగస్టు 14న తెల్లవారకముందే అమెరికాలోని బర్మింగ్‌హామ్ దగ్గర యు.పి.ఎస్. విమానం కూలి పైలట్లు ఇద్దరూ చనిపోయారు. అలసట కూడా ఒక కారణమని విచారణలో తేలింది. అయినా 2014లో అక్కడ అమలైన కొత్త విశ్రాంతి నియమాల నుంచి కార్గో పైలట్లను మినహాయించారు. ఖర్చు ఎక్కువవుతుందని. పోయిన నవంబరు 4న లూయీవిల్‌లో యు.పి.ఎస్. ఎండీ-11 ఎగురుతుండగానే ఎడమ ఇంజన్ ఊడి కూలింది, సిబ్బంది ముగ్గురూ పోయారు, కిందున్నవాళ్ళూ పోయారు. పాత ప్రయాణికుల విమానాలకు రెండో జీవితం ఇచ్చి సరుకు మోయించడం ఈ వ్యాపారంలో మామూలు. పిల్లవాణ్ణి భయపెట్టమని కాదు, తల్లికి కూడా తెలిసి ఉండాలని రాస్తున్నాను.

మంత్రి మనవాడే కదా, ఒక మాట చెప్పిస్తే అవుతుందా అని కూడా అడిగారు. నిజమే, 2014లో అశోక్ గజపతిరాజు గారు, 2024 నుంచి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు, పౌర విమానయానానికి తెలుగు మంత్రులే. సిమ్యులేటర్‌లో ఒక ఇంజన్ ఆపేసి “ఇప్పుడు దించు” అన్నప్పుడు సిఫారసు ఉత్తరం పనిచేయదు. రాత పరీక్ష, మానసిక పరీక్ష, సిమ్యులేటర్ చెక్, ఇంటర్వ్యూ, ఇవన్నీ పిల్లవాడు ఒక్కడే దాటాలి. ఎవరూ తీసుకోకపోయినా పట్టు వదలనివాళ్ళు లేకపోలేదు. 1947లో ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది కంపెనీలు ఆడపిల్లని కాదన్నాయి. చివరికి తీసుకున్నది హైదరాబాదు నిజాం రాజ్యపు డెక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ఆమె. మన ఆడపిల్లలు ఉన్న ఇళ్ళు ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇక ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళకు. డబ్బు కట్టేముందు మెడికల్ చేయించండి. ముందు క్లాస్ టూ, తర్వాత క్లాస్ వన్. క్లాస్ వన్ మన బెంగళూరులోనే, పాత ఎయిర్‌పోర్టు రోడ్డులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో జరుగుతుంది. కంటికి రంగులు సరిగా తెలియవని లక్షలు కట్టిన తర్వాత తెలుసుకున్నవాళ్ళున్నారు. రెండోది కాగితాలు. ఇది నా పాత పని కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను. డిజిసిఎ కంప్యూటర్ నంబరుకు టెన్త్, పి.యు.సి. సర్టిఫికెట్లను బోర్డు నుంచి ధ్రువీకరించి తెప్పించాలి. మనవాళ్ళ పేర్లకు ముందు ఊరి పేరు, తండ్రి పేరు ఇనీషియళ్ళుగా ఉంటాయి. మన క్యాసంబళ్ళి చెంగలరాయ రెడ్డి గారు మైసూరు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయినా దేశానికి కె.సి. రెడ్డి గానే తెలుసు. ఆయన కాలంలో చెల్లింది, ఇప్పుడు చెల్లదు. మార్కుల కార్డులో ఇనీషియల్, ఆధార్‌లో పూర్తి పేరు, పాస్‌పోర్టులో ఇంకో వరస ఉంటే నెలల తరబడి తిరగాలి. టెన్త్‌లో ఉన్నప్పుడే సరిచేయించండి.

స్కూలు కోసం జక్కూరులో కర్ణాటక ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలు ఉంది, బేగంపేటలో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఉంది, రాయబరేలీ దగ్గర కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఉంది. 2025 అక్టోబరులో డిజిసిఎ మొదటిసారి ఫ్లయింగ్ స్కూళ్ళకు ర్యాంకులు ఇచ్చింది, పై శ్రేణిలో ఒక్క స్కూలూ నిలవలేదు. ప్రకటనల్లో బొమ్మలు చూసి కాదు, ఎన్ని విమానాలు నడుస్తున్నాయి, 200 గంటలు పూర్తికావడానికి నిజంగా ఎన్నాళ్ళు పడుతోంది అని అక్కడ చదివే పిల్లలనే అడగండి. టైప్ రేటింగ్ ఇచ్చే సంస్థకు డిజిసిఎ ఆమోదం ఉందో లేదో చూడండి. ఉద్యోగ ప్రకటన విమాన సంస్థ సొంత వెబ్‌సైటులో లేకపోతే అది ఉద్యోగం కాదు.

మా రైతు ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. ఏజెంటు మూడుసార్లు ఫోన్ చేశాడంట, చివరిసారి “సీటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తాం” అన్నాడంట. కుర్రవాడు ఇప్పుడు దేవనహళ్ళిలో కార్గో టెర్మినల్లో రాత్రి షిఫ్టుకు వెళ్తున్నాడు, గులాబీ పెట్టెలు, కూరగాయల పెట్టెలు విమానానికి ఎక్కించే చోట. పగలు అసిస్టెంట్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్‌కు చదువుకుంటున్నాడు. అది వస్తే జీతం తీసుకుంటూనే గంటలు కూడబెట్టుకోవచ్చు. దానికయ్యే ఖర్చుకు ఎకరా సగం తాకట్టు పెడితే చాలని తండ్రి లెక్క. తోటకు ఈ ఏడు పూత బాగా వచ్చింది. బేరానికి వచ్చినవాళ్ళకు ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.