"మన రక్తంలోనే పరుగుంది" అనే మాట ఇక ఆపుదాం

పోస్టు కొంచెం పొడుగే. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

ఆర్మీ ర్యాలీ అనో, ఎన్‌డీఏ అనో నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ మనవాళ్ళ మధ్య ఒకే మాట తిరుగుతుంది. "తాండా పిల్లోళ్ళకు పరుగు ఒకరు నేర్పాల్నా? అది మన రక్తంలోనే ఉంది." దాని కింద లైకులు, పిడికిలి బొమ్మలు. నాకు ఈ మాట అస్సలు నచ్చదు. వినడానికి పొగడ్తలా ఉంటుంది గానీ పిల్లోడికి అది చేసే నష్టం చిన్నది కాదు. రక్తంలో ఉందనుకున్నోడు ముందునుంచి ప్రాక్టీసు చేయడు. నోటిఫికేషన్ పడినాక నెల రోజులు తారు రోడ్డు మీద ఎగబడి పరిగెత్తి, మోకాలి కింద ఎముక నొప్పి తెచ్చుకుని, గ్రౌండులో మూడో రౌండుకే ఊపిరి చాలక నిలబడిపోతాడు. అప్పుడు మళ్ళీ మనమే "అదృష్టం లేదులే" అంటాం.

మాలావత్ పూర్ణ గురించి ఒక్కసారి గుర్తుచేసుకోండి. నిజామాబాద్ వైపు పాకాల లంబాడీ పిల్ల. 2014 మే 25న, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో, ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. మనం ఆ ఫోటో పెట్టుకుని "మన రక్తం" అని రాసుకుంటాం. కానీ ఆ పిల్లను గురుకులంలో ఎంపిక చేసి, భువనగిరి బండ మీద ఎక్కించి, డార్జిలింగ్ పంపి, గడ్డకట్టే చలిలో లద్దాఖ్ పంపి, నెలల తరబడి తయారుచేశారు. తిండి పెట్టారు, డాక్టర్లకు చూపించారు. ఆ నెలలన్నీ తీసేసి రక్తం ఒక్కటే మిగిలిస్తే ఆమె బేస్ క్యాంపు కూడా చూసేది కాదు. పూర్ణ పేరు చెప్పుకునేటప్పుడు ఆ తయారీ పేరు కూడా చెప్పుకోవాలి గదా.

ఇప్పుడు అసలు పరీక్షలో ఏమడుగుతారో చూద్దాం. మనవాళ్ళు రెండింటినీ కలిపేస్తుంటారు. జవానుగా పోయే అగ్నివీర్ వేరు, ఆఫీసరుగా పోయే ఖడక్‌వాస్లా ఎన్‌డీఏ వేరు. ఎన్‌డీఏకి యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పరీక్ష పెడుతుంది. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ళ లోపు, పెళ్ళి కాని పిల్లలు, ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నా రాయొచ్చు. ఎస్టీలకు ఫీజు లేదు. రాత పరీక్ష 900 మార్కులు, తర్వాత ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ 900, ఆపైన మెడికల్. గుర్తుపెట్టుకోండి, సైన్యంలో మనకు రిజర్వేషన్ లేదు. ఎస్టీ సర్టిఫికెట్ ఫీజు దగ్గర పనికొస్తుంది, మెరిట్ లిస్టులో పనికిరాదు.

ఎన్‌డీఏలో ఫలానా టైములో పరిగెత్తాలని ఎంపిక పరీక్ష ఏమీ లేదు. కానీ నోటిఫికేషన్ చివర్లో, ఎవరూ చదవని చోట, ఈ స్థాయిలో ఉండి రండి అని సలహా ఉంటుంది: 2.4 కిలోమీటర్లు 15 నిమిషాల్లో, స్కిప్పింగ్, పుష్-అప్స్, సిట్-అప్స్ కనీసం ఇరవై చొప్పున, చిన్-అప్స్ కనీసం ఎనిమిది, 3 నుంచి 4 మీటర్ల తాడు ఎక్కడం. పరుగు లెక్క చూడండి. 400 మీటర్ల రౌండుకు రెండున్నర నిమిషాలు. గొర్రెల వెనక తిరిగే పిల్లోడు రెండు నెలలు ప్రాక్టీసు చేస్తే ఆడుతూ పాడుతూ చేస్తాడు. మరి ఎనిమిది చిన్-అప్స్? తాడు? మీ తాండాలో పదిమంది కుర్రోళ్ళను పిలిచి ఈ సాయంత్రమే ఒక కొమ్మకు వేలాడదీసి చూడండి.

నేను చెప్పేది అదే. మనం కాళ్ళ గురించి గొప్పలు చెప్పుకుంటూ చేతులను మర్చిపోయాం. అగ్నివీర్ లెక్క తీసుకున్నా అంతే. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్ల లోపు వస్తే 60 మార్కులు, 5:45 లోపు వస్తే 48. బీమ్ మీద పది పుల్-అప్స్‌కు 40, తొమ్మిదికి 33, ఎనిమిదికి 27, ఏడుకి 21, ఆరుకి 16. పరుగులో ముందొచ్చి ఆరు పుల్-అప్స్ దగ్గర ఆగినోడికి 76. పదిహేను సెకన్లు వెనకొచ్చి పది లాగినోడికి 88. ఎన్‌డీఏ ఎస్‌ఎస్‌బీలో కూడా మూడు నిమిషాల్లో పది అడ్డంకులు దాటే టాస్క్ ఉంటుంది. అందులో తాడు ఎక్కడం, ఊగుతూ దాటడం, ఎత్తు నుంచి దూకడం, దుంగ మీద నడవడం ఉంటాయి. పరుగు ఒక్కటే నేర్చినోడు అక్కడ తాడు దగ్గరే ఒక నిమిషం పోగొట్టుకుంటాడు.

దీనికి జిమ్ములేమీ అక్కరలేదు. మన జిల్లాలో ఎండిపోయిన బోర్లకు కొదవా? ఫెయిలైన బోరు నుంచి పీకిన పైపుల్లో ఇంచుంపావు జీఐ పైపు ఒకటి అడిగి తెచ్చుకోండి. రెండు రాతి కూసాలు పాతి, చెయ్యెత్తితే ఒక జానెడు పైన అందేలా బిగించండి. నీళ్ళు పడని బోరు దానికన్నా పనికొచ్చింది నేనైతే చూడలేదు. పాత బావి మోకు ఎవరింట్లోనో అటక మీద ఉంటుంది, దాన్ని చింతచెట్టుకు కట్టండి. ముందు తాడు గట్టిగా ఉందో లేదో చూసుకోండి, కింద ఇసుక పోయండి. ఒక్క పుల్-అప్ కూడా రానోడు ఎగిరి పైపు పట్టుకుని గడ్డం పైకి పెట్టి, అయిదు లెక్కపెట్టేదాకా నిదానంగా కిందికి దిగాలి. రోజు మార్చి రోజు అయిదారు సార్లు. నెలన్నరలో మొదటిది వస్తుంది, ఆ తర్వాత ఒక్కోటి ఒక్కోటి పెరుగుతుంది. తొందరపడితే భుజం పట్టేస్తుంది.

పరుగుకు కూడా లెక్క కావాలి. 5:30 అంటే రౌండుకు 82 సెకన్ల చిల్లర, నాలుగు రౌండ్లు. మన కుర్రోళ్ళు మొదటి రౌండు 70లో కొట్టి, రెండోది 80, మూడోదానికి కాళ్ళు రాళ్ళైపోతాయి. 50 మీటర్ల టేపుతో ఎండిన చెరువులో ఎర్రమట్టి మీద 400 మీటర్లు కొలిచి సున్నం గీయండి. ఫోన్ యాప్‌ను నమ్మొద్దు, అది చిన్న రౌండ్లలో తప్పు చూపిస్తుంది. వారంలో ఒకరోజు మాట్లాడుకుంటూ పోయేంత నిదానంగా అయిదారు కిలోమీటర్లు, ఒకరోజు 85 సెకన్ల వేగంతో ఆరు రౌండ్లు, మధ్యలో రెండేసి నిమిషాలు నడక. ఇంకోరోజు మీ ఇష్టం, గట్టు ఎక్కి దిగండి. మిగతా రోజులు చేతులకు, విశ్రాంతికి. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది, తెల్లారి అయిదుకు మొదలుపెట్టి ఆరున్నరకు ముగించాలి. ఆరు నెలలు ఇట్లా చేసినోడు నోటిఫికేషన్ పడిందని కంగారుపడడు.

రక్తం సంగతి అన్నాను గదా, అక్కడికే వస్తా. మన రక్తంలో నిజంగా ఏముందో పీహెచ్‌సీలో చూపించుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో పదిమందికి దాదాపు ఆరుగురికి రక్తహీనత. ఊపిరితిత్తుల నుంచి కండకు ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్. అది తొమ్మిదో పదో ఉన్న పిల్ల ఎంత పట్టుదలగా పరిగెత్తినా రెండో రౌండుకు కళ్ళు తిరుగుతాయి. దాన్ని "ఆడపిల్ల, ఓపిక లేదు" అని రాసేస్తారు. పరీక్ష ఉచితం, ఐరన్ మాత్రలు ఉచితం, బళ్ళో నులిపురుగుల మాత్ర ఉచితం. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానండి, తిన్న ఐరన్ ఒంటికి పట్టదు.

తిండి మాట. రేషను బియ్యం, నీళ్ళ చారుతో రెండు పూటలు గడిపి గ్రౌండుకు పోయేవాళ్ళు మనలో ఎంతమందో మనకు తెలుసు. శెనక్కాయలు పండించేది మనం. వంద గ్రాముల గింజల్లో పాతిక గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. అట్లాంటిది, కాయలు వొలిచి మొత్తం మండీకి తోలి, పిల్లోడికి దుకాణంలో డబ్బా పౌడరు కొనిపెడుతున్నాం. అమ్మే ముందు ఒక మూట ఇంట్లో ఉంచండి. రాగి సంగటి, ఉలవచారు, వారానికి నాలుగు గుడ్లు, మజ్జిగ. ఇంతకన్నా పెద్ద డైట్ చార్టు అక్కరలేదు. పరుగుకు ముందు ఒక ఇంజెక్షన్ వేసుకుంటే దూసుకుపోతావు అని చెప్పేవాళ్ళుంటారు. గుండె ఆగిపోయే పని అది. చెప్పినోణ్ణి గ్రౌండు దాకా కూడా రానివ్వొద్దు.

అందరూ వదిలేసే విషయం మెడికల్. పరుగులో నెగ్గినోడు ఇక్కడ పోతే కడుపు మండుతుంది. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుని పాదాలు ఎడంగా ఉంటే తిప్పి పంపుతారు. 1970ల్లోనే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ఊళ్ళలో ఎదిగే పిల్లలకు ఇట్లా మోకాళ్ళు వంకరపోవడాన్ని గుర్తించారు. మన జిల్లాలో ఫ్లోరైడ్ కొత్త మాట కాదు. 1995లో సత్యసాయి నీటి పథకం వచ్చినాక చాలా ఊళ్ళు బాగుపడ్డాయి. అయినా కుళాయి ఆగిన రోజు బోరు నీళ్ళే తాగే తాండాలున్నాయి. పద్దెనిమిదేళ్ళ పిల్లోడి మెడికల్ రిజల్టు వాడి ఆరేళ్ళ వయసులో తాగిన నీళ్ళలోనే సగం తేలిపోతుంది. అందుకే నీళ్ళ ట్యాంకు గురించి పంచాయతీలో కొట్లాడటం కూడా సైన్యానికి తయారీనే అంటాను. పళ్ళకు కూడా లెక్కుంది, కనీసం 14 డెంటల్ పాయింట్లు ఉండాలి. గుట్కా నమిలేవాళ్ళు అద్దంలో చూసుకోండి. చదునైన పాదాలు, చెవిలో గులిమి, చూపు, ఇవన్నీ ఏడాది ముందే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుంటే సరిచేసుకోగలిగినవి సరిచేసుకోవచ్చు.

పచ్చబొట్ల మాట కూడా చెప్పాలి. మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక ఉన్నవి మాత్రమే ఒప్పుకుంటారు. అయితే గిరిజనుల ఆచారం ప్రకారం ముఖం మీద, ఒంటి మీద పొడిచిన వాటిని ఒక్కో కేసుగా చూసి అనుమతించొచ్చని నోటిఫికేషన్‌లోనే ఉంది. మన అవ్వలు పొడిచిన చుక్కలకు భయపడొద్దు. భుజం మీద ప్రేమించిన పిల్ల పేరు పొడిపించుకున్న మా తమ్ముళ్ళకు మాత్రం ఆ నియమం వర్తించదు, ముందే చెప్తున్నా.

చెల్లెళ్ళకు ఒక మాట. 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఎన్‌డీఏ తలుపు అమ్మాయిలకు తెరుచుకుంది. మొదటి బ్యాచ్ 17 మంది 2025 మేలో పాసౌట్ అయ్యారు. "పొద్దున్నే పిల్ల ఒక్కతే రోడ్డు మీద పరిగెత్తితే ఊరేమనుకుంటుంది" అనే నాన్నలకు నా జవాబు: ఇద్దరు ముగ్గుర్ని కలిపి పంపండి, మొదటి నెల మీరూ వెంట నడవండి. మీకూ షుగరు తగ్గుతుంది.

ఎస్‌ఎస్‌బీ బోర్డుల్లో ఒకటి బెంగళూరులోనే ఉంది. మన అమ్మానాన్నలు వేరుశెనగ పోయినాక మేస్త్రీ పనికి, మట్టి పనికి పోయే బెంగళూరే. మొదటిసారి పోయే అభ్యర్థికి రైలు చార్జీలు కూడా ఇస్తారు. వలసపోయే ఇళ్ళల్లో పిల్లల ప్రాక్టీసు సరిగ్గా జనవరి నుంచి జూన్ దాకా ఆగిపోతుంది, ఇంట్లో వండిపెట్టేవాళ్ళు ఉండరు. ఇదే నా దృష్టిలో అసలు సమస్య. పిల్లోడికి బద్ధకం అని తిట్టేముందు వాడు పొద్దున ఏం తిన్నాడో అడగాలి. కోచింగ్ అని వేలకు వేలు కట్టించుకుని సెలక్షన్ గ్యారంటీ అనేవాళ్ళకు ఇచ్చే డబ్బుతో, తాండాలో అయిదుగురు పిల్లలకు ఆరు నెలలు గుడ్లు, రాగులు, ఒక జత మంచి బూట్లు వస్తాయి. ఉద్యోగాలు చేసే అన్నలు ఈ ఖర్చు పంచుకోవాలి.

ఒక ప్రతిపాదన. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి గుత్తి దగ్గర సేవాగఢ్‌కు ఎట్లాగూ వస్తాం. డీజేకు పెట్టే డబ్బులో కొంత తీసి, పొద్దున ఆరింటికి 1600 మీటర్ల పరుగు, పుల్-అప్స్ పోటీ పెడదాం. అబ్బాయిలకు వేరు, అమ్మాయిలకు వేరు. ప్రతి ఒక్కరి టైము కాగితం మీద రాసి ఇద్దాం, మళ్ళీ ఆగస్టులో అదే పిల్లల్ని కొలుద్దాం. ఒక నర్సు అక్క వస్తే హిమోగ్లోబిన్ కూడా చూడొచ్చు. కావాల్సింది రెండు స్టాప్‌వాచ్‌లు, 50 మీటర్ల టేపు, ఒక ఇంచుంపావు పైపు. పైపు నేను తెస్తా. గుత్తి, పామిడి, గుంతకల్లు వైపు నుంచి ఎవరెవరు నిలబడతారో పేర్లు రాయండి.