సైకిల్ ఫ్రేములో మన లెక్కల పాఠం

సైకిల్ ఫ్రేమంటే గొట్టాలతో కట్టిన రెండు త్రిభుజాలు. చతురస్రం మూల నొక్కితే ఒరుగుతుంది, త్రిభుజం ఒరగదు. ఇంట్లోనే ఫ్రేము చేయడం నేర్చుకునేవారు ముందు కాగితంపై అసలు కొలతలతో బొమ్మ గీస్తారు. సీటు గొట్టం నేలకు సుమారు 73 డిగ్రీల కోణంలో ఉంటుంది. ఒక గొట్టం కొస మరో గొట్టం గుండ్రానికి సరిగ్గా ఆనేలా ఆకురాయితో అరగదీస్తారు. సందు ఎక్కువైతే అతుకు బలహీనమే. ఉక్కు 1,400 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని కరగదు; ఇత్తడి సుమారు 900 దగ్గరే కరిగి సందులోకి పాకి గొట్టాలను కలుపుతుంది.

ఇందులో తెలుగులో చెప్పలేనిదేముంది? చేతిపనికీ సాంకేతిక చదువుకీ తెలుగు మీడియం పనికిరాదని పిల్లలను మాన్పించే తల్లిదండ్రులు ఆలోచించాలి. హోసూరులోనైనా బరంపురంలోనైనా మన బడులు ఒక పాత ఫ్రేమును తరగతికి తెప్పించాలి. పిల్లలు కోణాలు కొలిచి, బొమ్మ గీసి, అట్ట గొట్టాలతో నమూనా కట్టాలి. నిప్పు పని మాత్రం వెల్డింగు మేస్త్రీ చేసి చూపాలి.