గుండీ పెట్టుకోవడమూ చదువే

అంగీకి ఒక గుండీ పెట్టుకోవడానికి మనకు రెండు క్షణాలు చాలు. మాకు తెలిసిన ఒక మండల కేంద్రంలో ఏడేళ్ల పిల్లవాడు అదే పని నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ప్రతి ఉదయం అతని పక్కన చాప మీద కూర్చుని నేర్పిన టీచరమ్మది కాంట్రాక్టు ఉద్యోగం. వచ్చే ఏడాది ఆమె అక్కడ ఉంటుందో లేదో ఆమెకే తెలియదు. ఆ పిల్లవాడి గుండీకీ, ఆ టీచరమ్మ ఉద్యోగానికీ ఉన్న సంబంధం గురించే ఈ వారం ముచ్చటించదలిచాము.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తగినంతమంది శిక్షణ పొందిన ఉపాధ్యాయులు లేరన్న వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2021 అక్టోబర్ 28న తీర్పు చెప్పింది. ప్రాథమిక తరగతుల్లో ఇటువంటి పిల్లలు 10 మందికి ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలన్నది దాని సారాంశం. కేంద్రం 2022లో ఈ నిష్పత్తిని అధికారికంగా ప్రకటించింది. అయినా చాలా రాష్ట్రాల్లో పోస్టులే ఏర్పడలేదు. దానితో 2025 మార్చి 7న న్యాయస్థానం మళ్లీ కలగజేసుకుని, ఎన్ని పోస్టులు కావాలో తేల్చి ప్రకటించాలనీ, కాంట్రాక్టుపై పనిచేస్తున్నవారి అర్హతలను పరిశీలించేందుకు కమిటీలు వేయాలనీ రాష్ట్రాలను ఆదేశించింది.

మన రెండు రాష్ట్రాల్లో కొంత కదలిక ఉన్నమాట నిజమే. తెలంగాణ 2024 డీఎస్సీలో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులను చేర్చారు. ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో 2,260 పోస్టులను మంజూరు చేసింది. ఇది హర్షించదగిన విషయం. అయితే 10 మందికి ఒకరు ఎందుకన్న ప్రశ్న మన పెద్దలలో చాలామంది అడుగుతున్నారు. మామూలు బడిలో 30 మందికి ఒక టీచరు సరిపోతున్నప్పుడు ఇక్కడ ఇంత ఖర్చు దేనికని వారి సందేహం.

దీనికి జవాబు ఆ గుండీలోనే ఉంది. గుండీ పెట్టుకోవడం మనకు ఒక పని. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లవాడికి అది అరడజను పనులు. కాజా ఎక్కడుందో చూడాలి, గుండీని రెండు వేళ్లతో పట్టుకోవాలి, అంచును కాజాలో దూర్చాలి, అవతలి నుంచి రెండో చేత్తో అందుకోవాలి, లాగాలి. టీచరమ్మ మొదట అన్నీ తానే చేసి, చివరి లాగుడు మాత్రం పిల్లవాడికి వదిలింది. పని పూర్తిచేసిన సంతోషం వాడికే దక్కాలని అలా చేస్తారు. అది వచ్చాక దాని ముందరి మెట్టు, ఆపైన దానికి ముందరిది. చేతులు కడుక్కోవడం, మూత్రానికి వెళ్లాలని సైగ చేయడం, అన్నీ ఇలాగే నేర్పాలి. అదే గదిలో మరో పిల్లవాడు బడి గంట మోగితే చెవులు మూసుకుని ఏడుస్తాడు. వాడికి గంటకు ముందే బొమ్మ కార్డు చూపించాలి. మూడో పిల్ల ఒకచోట నిమిషమైనా కూర్చోదు. ప్రతి పిల్లకూ వేరే లక్ష్యం, వేరే నోటుపుస్తకం. ఇటువంటి పిల్లలను 30 మందిని ఒకరికి అప్పగిస్తే జరిగేది కాపలాయే గాని చదువు కాదు.

మరొక మాట. ఈ పిల్లలు టీచరు మొహాన్నీ, గొంతునూ, ఆమె చేతి స్పర్శనూ నమ్ముకుని నేర్చుకుంటారు. ఆమె మారిపోతే చాలామంది మళ్లీ మొదటికి వస్తారు. 2024 డిసెంబర్‌లో తెలంగాణలో సమగ్ర శిక్షా కాంట్రాక్టు ఉద్యోగులు సమ్మె చేసినప్పుడు దానిని జీతాల గొడవగానే చాలామంది చూశారు. భవిత కేంద్రాల టీచర్లు కూడా ఈ పథకం కిందివారే. వారి ఉద్యోగం నిలకడగా ఉండటమంటే పిల్లల చదువు నిలకడగా ఉండటమే.

ఇక మన సంగతి చూద్దాం. విద్యాహక్కు చట్టానికి 2012లో వచ్చిన సవరణ ఒక చేత్తో వికలాంగ బాలలను స్పష్టంగా చట్టం పరిధిలోకి తెచ్చింది. మరో చేత్తో మదర్సాలనూ వేద పాఠశాలలనూ ఆ చట్టం నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు మనకు ఊరటనిచ్చిందని అప్పట్లో అనుకున్నాము. కాని మక్తబ్‌కు మాత్రమే వచ్చే పిల్లవాడికి లోపముంటే గుర్తించవలసిన బాధ్యత ఎవరిది? చట్టం ఉస్తాద్‌ను అడగదు. అందుకే ఉస్తాద్ తనను తాను అడుగుకోవాలి.

మేమూ ఈ తప్పు చేసినవాళ్లమే. చాలా ఏళ్ల క్రితం మా దగ్గర ఖాయిదా చదివిన ఒక పిల్లవాడు బే, తే, సే అక్షరాలను ఎప్పుడూ కలిపేసేవాడు. మొండివాడనుకుని వెనుక వరుసలో నిలబెట్టాము. ఏడాది తర్వాత వాళ్లమ్మ వచ్చి, “మౌల్వీ సాబ్, వాడికి చెవులు సరిగా వినపడవట, డాక్టరు చెప్పాడు” అన్నది. వినపడని పిల్లవాడిని వినపడనంత దూరంలో నిలబెట్టిన ఘనత మాది. అంధుడైన అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూం (రజి) అజాన్ పిలిచేవారనీ, ప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్లినప్పుడు మదీనా బాధ్యత ఆయనకు అప్పగించేవారనీ ఎన్నోసార్లు పాఠం చెప్పాము. ఆ పాఠం మా వెనుక వరుస దాకా చేరలేదు.

భాష చిక్కు కూడా ఉంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, కేంద్రంలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మాట ఆలస్యమైన పిల్లకు ఒక్క భాషే బరువు. ఆమె ‘పానీ’ అంటే టీచరుకు అర్థం కావాలి. కొత్త నియామకాలలో ఉర్దూ వచ్చినవారిని ఉర్దూ జనాభా ఉన్న మండలాలకు పంపమని అడగటం న్యాయమైన కోరిక. మన చదువుకున్న ఆడపిల్లలు స్పెషల్ డీఎడ్, బీఎడ్ వైపు చూడటం అంతకన్నా మేలైన మార్గం.

అంతవరకూ మన చేతిలో ఉన్నవి చేద్దాం. పిల్లవాడు వెనుకబడితే బెత్తం తీసే ముందు చెవి, కన్ను పరీక్ష చేయించండి. తాయెత్తుల చుట్టూ తిరిగి విలువైన తొలి ఏళ్లను పోగొట్టకండి. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష చేయించి యూడీఐడీ కార్డు తీసుకోండి. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కని చెప్పింది. కదలలేని పిల్లల కోసం టీచరు ఇంటికే వచ్చే ఏర్పాటు ఉంది, దాన్ని అడిగి తీసుకోండి.

ఆ ఏడేళ్ల పిల్లవాడు మొన్న జుమాకు తన కుర్తా గుండీలు తానే పెట్టుకుని వచ్చాడు. ఒకటి తప్పు కాజాలో పడింది. వాళ్ల నాన్న సరిచేయబోతే చేయి పక్కకు నెట్టాడు. అది చూసి మేము నవ్వుకున్నాము, తర్వాత మా పాత వెనుక వరుస గుర్తొచ్చి తల దించుకున్నాము.