మేడమీది దూరదర్శిని

పెండ్లిపందిటిలో పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపు వేళ పట్టపగలైనను పట్టించుకొనువారు లేరు. రాత్రి ముహూర్తమైనను నగరములో ఫలితమంతే. హైదరాబాదు నడుమ మేడమీద నిలిచి సప్తర్షిమండలమును వెదకు బాలునికి ఏడు చుక్కలును దొరకుట కష్టము. వసిష్ఠుని ప్రక్కనున్న అరుంధతి మాట చెప్పనక్కరలేదు. అట్టి ఆకాశము క్రింద నివసించు గృహస్థుడు తన చిన్న దూరదర్శినిని విడిచి, కంప్యూటరుతో నడచు పెద్దదానిని కొనదలచినప్పుడు ఏమి చూచి కొనవలెను? ధర వేలనుండి లక్షలకు ప్రాకు వస్తువు గనుక ఇది ఉపాధ్యాయుని జీతమునకు, పాఠశాల నిధికి సంబంధించిన ప్రశ్న.

ఇంటివద్దనే గ్రహతారలను పరిశీలించుట తెలుగువారికి క్రొత్త గాదు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణమున స్వంత వేధశాలను నెలకొల్పెను. శుక్రుడు సూర్యబింబమును దాటుటను 1874లో ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ ఊరినుండియే పరిశీలించెను. హైదరాబాదున నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాలలో 15 అంగుళముల దూరదర్శిని యుండెడిది. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 48 అంగుళములదానిని నగరములో నిలుపలేదు. 1968 ప్రాంతమున జపాల్-రంగాపూర్ గ్రామముల యొద్ద నిలిపిరి. వేధశాలవారు చీకటిని వెదకికొని పోగలిగిరి. గృహస్థుడు పోలేడు. ఉన్న మేడతో, ఉన్న ఆకాశముతోనే అతడు వేగవలెను.

కొనువారు మొదట అడుగునది అద్దపు వెడల్పు. ఐదంగుళములనుండి ఎనిమిదికి మారినచో పోగగు వెలుతురు 25కు 64 చొప్పున, రెండున్నర రెట్లగునని లెక్క. లెక్క తప్పు గాదు. కాని అద్దము తారల వెలుతురును మాత్రమే ఏరి తీసికొనదు; వీథిదీపములతో తెల్లబారిన ఆకాశమును గూడ అదే పాళ్లలో కూడదీయును. ఆండ్రోమెడా వంటి మసక గెలాక్సీ ఆ తెలుపులో కలిసిపోయినప్పుడు పెద్దయద్దము దానిని వేరుచేయజాలదు. నీళ్లపాలను పెద్దచెంబుతో పోయించుకొన్నంతమాత్రమున చిక్కబడునా? సోడియం దీపముల కాలమున వాని పసుపువెలుగును అడ్డుకొను వడపోత అద్దములు కొంత ఆదుకొనెడివి. 2015 తరువాత వీథులలో తెల్లని ఎల్.ఇ.డి. దీపములు పెరుగుటతో వాని ఉపయోగమును తగ్గినది. మృగశిర దాపుననున్న ఓరియన్ నీహారిక వంటి వాయుమేఘములకు మాత్రము కొన్ని ప్రత్యేకపు వడపోతలు నేటికిని పనికివచ్చుచున్నవి.

చంద్రుడు, గురుడు, శని, జంటతారలు నగరపు వెలుగునకు జంకునవి కావు. శని వలయములు నాలుగంగుళముల అద్దమునకే చిక్కును. వసిష్ఠునివైపు చిన్న దూరదర్శినిని త్రిప్పినను ఆయన ఒక్కడు గాడు, ఇద్దరని తేలును. పెండ్లిలో ఈ సంగతి చెప్పు పురోహితుడుండిన ఎంత బాగుండును! హెర్క్యులిస్ మండలములోని గోళాకార తారాగుచ్ఛము యొద్ద మాత్రము ఎనిమిదంగుళములు తమ విలువను చూపును. చిన్నదానిలో మసకముద్దగా తోచునది అందులో చుక్కలు చుక్కలుగా విడివడును. అంతకుమించి నగరమున పెద్దయద్దము సాధించునది తక్కువ. పగలంతయు కాగిన సిమెంటుకప్పు రాత్రి వేడి క్రక్కుచుండగా గ్రహబింబము నీటిలోని నాణెమువలె వణకుచుండును. వణకుదానిని ఎంత పెద్దది చేసినను వణకుడే పెద్దదగును.

ఇక కంప్యూటరు. దానిని సోమరుల సాధనమని ఈసడించు అనుభవజ్ఞులు కలరు. చీకటి పల్లెలో వారి మాట చెల్లును. అచ్చట ఒక చుక్కను పట్టుకొని మరియొక చుక్కకు దారి తీయవచ్చును. నగరములో దారిచూపు చుక్కలే మాసిపోయినవి. మెట్లు కూలిన బావిలోనికి దిగుమనుట న్యాయము గాదు. కావున ధనము పరిమితమైనచో రెండంగుళములు తగ్గించుకొనియైనను గురి చూపు యంత్రమునే కొనుట మేలు. సెలెస్ట్రాన్‌వారి నెక్స్‌స్టార్ శ్రేణిలో ఆరంగుళములది, ఎనిమిదంగుళములది రెండును కలవు. మోయలేక మూలబడిన ఎనిమిదికంటె వారమునకు మూడుమారులు మేడయెక్కు ఆరే ఘనము.

ఐతే మీట నొక్కగానే అది ఆకాశమును గుర్తుపట్టదు. తేదీ, కాలము, ఊరు తెలిపి, రెండు తారలను పేరు చెప్పి చూపవలెను. పేరు చెప్పకయే మూడు వెలుగుచుక్కలను చూపు పద్ధతియు కలదు గాని, మేడల నడుమ మిగిలిన చీలికలో దూరదూరముగా మూడు దొరకుట అరుదు. తేదీలో నెలను ముందు వ్రాయు అమెరికా పద్ధతిని మరచి అక్టోబరు 5ను 5-10 అని నొక్కినచో, అది మే 10వ తేదీ ఆకాశమును వెదకుచు ఎదురింటి నీళ్లతొట్టిని చూపవచ్చును! పేర్లలో మరియొక తిరకాసు. తెరపైని ఆర్క్‌ట్యూరస్, స్పైకా, ఆల్టేర్, ఆల్డెబరాన్ అనునవి తెలుగు పంచాంగమునందలి స్వాతి, చిత్త, శ్రవణము, రోహిణులే. జన్మనక్షత్రము రోహిణియని గోత్రముతోపాటు ఒప్పజెప్పు బాలుడు ఆకాశమున రోహిణిని ఎన్నడును చూచియుండడు. ఏప్రిలు రాత్రులలో చిత్తాస్వాతులు, అక్టోబరులో శ్రవణము, జనవరిలో రోహిణి - ఈ పేర్లను చుక్కలతో జతచేయు పని తెలుగు పంతులును, సైన్సు పంతులును కలిసి ఒక్క విద్యాసంవత్సరములో చేయగలరు. పైసా ఖర్చు లేదు. అది చేయకయే యంత్రమును కొన్న పాఠశాల దానిని బీరువాకొరకు కొన్నదనవలెను.

ఆ శ్రమయు అక్కరలేని మరియొక జాతి ఇప్పుడు వచ్చినది. 2023లో వెలువడిన సీస్టార్ ఎస్50 యొక్క వస్తుకటకము 50 మిల్లీమీటర్లు, అనగా రెండంగుళములే. అది తారలను తానే ఫొటో తీసి గుర్తించి, చిత్రముపై చిత్రము పేర్చి, నగరము నడుమనుండియే నీహారికను రంగులలో ఫోనుతెరపై చూపును. గదినిండ పిల్లలకు ఒక్కసారిగా చూపుటకు అంతకంటె అనువైనది లేదు. కాని దానికి అక్షికటకము లేదు. రెండింటిలో ఒకటియే కొనగల పాఠశాల అక్షికటకమున్నదానినే కొనవలెను. తెరపై శనిని చూచిన బాలుడు పుస్తకములోని బొమ్మయే కదాయని తలయూపును. గొట్టమునకు కన్నానించి చూచిన బాలుడు లోపల ఎవరో బొమ్మ అంటించిరని అనుమానించి, చివరకు పరుగెత్తి చేయి అడ్డుపెట్టి, తోడివానిని చూడుమనును. శని మాయమగును. చేయి తీయగానే మరల వచ్చును.